తక్కువ ధరలో తేలికైన ల్యాప్‌టాప్‌ను ఎంచుకోవడం ఎలా: రోజువారీ వాడకం కోసం సమగ్ర మార్గదర్శి

ముప్పై అయిదు వేల నుంచి యాభై వేల రూపాయల మధ్య దొరికే ల్యాప్‌టాప్‌లలో అన్నీ బాగున్నది ఉండదు. ఆ ధరకు సరిపెట్టడానికి తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెడతాడు. ఒకదానిలో తెర వెలవెలపోతూ ఉంటుంది, ఇంకొకదానిలో ర్యామ్ (తెరిచి ఉన్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీ) తక్కువ, మరొకదానిలో బ్యాటరీ చిన్నది. కాబట్టి కొనేముందు మనం తేల్చుకోవలసింది ఒక్కటే: కోత పడిన భాగాన్ని రేపు మార్చుకోగలమా, లేదా? స్టోరేజ్‌ను చాలా యంత్రాల్లో రెండేళ్ల తర్వాతయినా పెంచుకోవచ్చు. తెరను, కీబోర్డును, బరువును, బోర్డుకు అతికించేసిన ర్యామ్‌ను మాత్రం మార్చుకోలేము, లేదా మార్చడానికయ్యే ఖర్చు భరించేలా ఉండదు. అందువల్ల డబ్బును ముందుగా మార్చుకోలేని వాటి మీద పెట్టాలి. ఈ మార్గదర్శిలోని అడుగుల వరుస చాలావరకు ఈ సూత్రాన్ని బట్టే ఏర్పడింది. దుకాణంలో అన్నిటికంటే ముందు వినిపించే ప్రాసెసర్ పేరు ఇక్కడ అయిదో అడుగులో గానీ రాదు.

మొదటి అడుగు: చేయబోయే పనులను కాగితం మీద రాయండి

ఒక వారంలో ఆ యంత్రం మీద ఎవరెవరు ఏ పని చేస్తారో రాసుకోవాలి. వెబ్ బ్రౌజర్‌లో పది పదిహేను ట్యాబులు, ఆన్‌లైన్ తరగతులు, వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్‌లు, పోటీ పరీక్షల దరఖాస్తులు, బ్యాంకు పనులు, యూట్యూబ్, సీ లేదా పైథాన్ ప్రాథమిక ప్రోగ్రామింగ్ వరకు రోజువారీ వాడకం కిందికే వస్తాయి. ఈ పనులకు ఈ ధరలోని యంత్రం చక్కగా సరిపోతుంది. ఇంజినీరింగ్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో, ఆటోక్యాడ్, వీడియో ఎడిటింగ్ వంటివి తప్పనిసరైతే మాత్రం బడ్జెట్ పెంచుకోవడం, లేదా తేలికదనాన్ని వదులుకుని అదే ధరలో కాస్త బరువైన యంత్రాన్ని తీసుకోవడం మేలు. తేలికదనం, శక్తి, తక్కువ ధర అనే మూడింటిలో రెండే ఒకచోట దొరుకుతాయి.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా ఈ జాబితాయే నిర్ణయిస్తుంది. ట్యాలీ వాడేవారు, ఈ-టెండర్లకో జీఎస్‌టీ పనులకో డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెట్టేవారు, డీటీపీలో ‘అను’ ఫాంట్లతో పనిచేసేవారు విండోస్‌నే తీసుకోవాలి. పనంతా బ్రౌజర్‌లోనే జరిగిపోయే పాఠశాల విద్యార్థికి, లేదా వీడియో కాల్స్, వార్తలు, మెయిల్ మాత్రమే కావలసిన పెద్దలకు క్రోమ్‌బుక్ (విండోస్‌కు బదులు గూగుల్ వారి క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) ఆలోచించదగ్గది. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు పదేళ్ల పాటు నవీకరణలు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అయితే ఆ పదేళ్లను ఆ నమూనా తొలిసారి విడుదలైన నాటి నుంచి లెక్కిస్తారు తప్ప మనం కొన్న నాటి నుంచి కాదు కాబట్టి, పాత నమూనాను తగ్గింపు ధరకు కొనేటప్పుడు దాని గడువు తేదీని తప్పక చూడాలి. విండోస్ లేకుండా అమ్మే యంత్రాలు కొంత చవకగా వస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఎక్కించడం తెలిసి ఉంటే అవి మంచి ఎంపికే. తెలియకపోతే ఆ తగ్గిన ధర తర్వాత ఎవరికో ఇచ్చుకోవలసి వస్తుంది.

రెండో అడుగు: బరువును ఛార్జర్‌తో కలిపి లెక్కించండి

14 అంగుళాల తెర ఉన్న యంత్రాలు సాధారణంగా 1.3 నుంచి 1.5 కిలోల మధ్య, 15.6 అంగుళాలవి 1.6 నుంచి 1.8 కిలోల మధ్య ఉంటాయి. తేడా చిన్నదిగా కనిపించినా, దానికి ఛార్జర్, పుస్తకాలు, నీళ్ల సీసా, అన్నం డబ్బా కలిపి రోజూ ఆర్టీసీ బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లే విద్యార్థి భుజానికి అది తెలుస్తుంది. రోజూ మోసుకెళ్లేవారికి నా సలహా 14 అంగుళాలు, కిలోన్నర లోపు బరువు. ఇంట్లోనే ఒక గది నుంచి ఇంకో గదికి మాత్రమే కదిలే యంత్రానికి 15.6 అంగుళాలు హాయిగా ఉంటాయి, అక్కడ బరువు కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

ప్రకటనలో ఉన్న బరువులో ఛార్జర్ ఉండదు. పాత తరహా ఇటుక ఛార్జర్, దాని మూడు పిన్నుల తీగ కలిసి పావు కిలో పైనే తూగవచ్చు. అదే యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జింగ్ తీసుకునే యంత్రమైతే 45 లేదా 65 వాట్ల చిన్న ఛార్జర్ ఒక్కటే ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ సరిపోతుంది, పాడైతే ఏ ఊళ్లోనైనా ఇంకొకటి దొరుకుతుంది. తేలికైన యంత్రం కోరుకునేవారు ఈ సౌకర్యాన్ని తప్పనిసరి షరతుగా పెట్టుకోవడం మంచిది. యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన ఛార్జింగ్ తీసుకుంటుందని అనుకోకూడదు. చవక యంత్రాల్లో అది ఫైళ్ల బదిలీకి మాత్రమే పనికివచ్చేదై ఉండవచ్చు. వివరాల పట్టికలో “పవర్ డెలివరీ” అని స్పష్టంగా ఉండాలి.

మూడో అడుగు: తెరను తెలుగు చదివి పరీక్షించండి

రోజుకు నాలుగైదు గంటలు కళ్లు నిలిచేది తెర మీదే. అయినా ఈ ధరల్లో మొదటి కోత పడేదీ దాని మీదే. చూడవలసినవి మూడు: పిక్సెళ్లు, ప్యానెల్ రకం, వెలుగు.

పిక్సెళ్ల విషయంలో 1920×1080 కంటే తక్కువకు ఒప్పుకోకండి. 15.6 అంగుళాల తెరలో 1366×768 అంటే అంగుళానికి దాదాపు 100 పిక్సెళ్లు, అదే 14 అంగుళాల తెరలో 1920×1080 అంటే 157. తెలుగు చదివేవారికి ఈ తేడా ఇంగ్లీషు చదివేవారికంటే ఎక్కువగా తెలుస్తుంది. మన లిపిలో అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. తలకట్టు, గుడి పైన ఉంటాయి, ఒత్తులు కింద చేరతాయి. ద, ధల మధ్య, డ, ఢల మధ్య, ప, ఫల మధ్య తేడా అంతా అడుగున ఉండే ఒక చిన్న గీతలోనే ఉంటుంది. పిక్సెళ్లు తక్కువైన తెర మీద మామూలు పరిమాణంలో ఆ గీత మసకబారి కలిసిపోతుంది. అందువల్ల దుకాణంలో నమూనా యంత్రాన్ని చూసేటప్పుడు కంపెనీ వారు నడిపించే రంగురంగుల వీడియోను ఆపించి, ఏదైనా తెలుగు దినపత్రిక వెబ్‌సైటు తెరిపించండి. “రాష్ట్రం”, “లక్ష్మి”, “స్త్రీ” వంటి మాటలను నూరు శాతం జూమ్‌లో, చేతి దూరం నుంచి చదవండి. కళ్లు చిట్లించవలసి వస్తే ఆ యంత్రాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ప్యానెల్ రకంలో ఐపీఎస్ కావాలి. చవక యంత్రాల్లో ఇంకా కనిపించే టీఎన్ ప్యానెల్‌ను కాస్త పైనుంచో కిందినుంచో చూస్తే రంగులు తారుమారవుతాయి. పట్టికలో రకం రాయకపోతే టీఎన్ అయ్యే అవకాశం ఉందని భావించి, తెర మూతను ముందుకూ వెనక్కూ వంచి చూడాలి. బొమ్మ వెలిసిపోయినట్టు, నలుపు బూడిదరంగుగా మారినట్టు కనిపిస్తే సందేహం తీరిపోతుంది. ఈ ధరలో వెలుగు సాధారణంగా 220 నుంచి 300 నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది. 250 గదిలో సరిపోతుంది, కానీ మధ్యాహ్నం వరండాలోనో కిటికీ పక్కనో కూర్చునేవారికి 300 ఉంటే నయం. పైపూత మెరిసేది కాకుండా మ్యాట్‌గా ఉండాలి, లేకపోతే నెత్తిమీద ట్యూబ్‌లైటు తెరలోనే వెలుగుతుంది. 1920×1200 తెర దొరికితే ఇంకా మంచిది. నిలువున కొంచెం ఎక్కువ చోటు ఉండటం వల్ల పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు చదివేటప్పుడు కిందికి జరపడం తగ్గుతుంది.

నాలుగో అడుగు: ర్యామ్ ఎంత ఉంది, ఎలా అమర్చారు

8 జీబీ కనిష్ఠం. విండోస్ 11 కనీస అవసరాల్లో మైక్రోసాఫ్ట్ 4 జీబీ అని పేర్కొన్నా, అంతటితో బ్రౌజర్, వీడియో తరగతి, వర్డ్ కలిసి నడవడం నరకమే. నాలుగేళ్లు వాడాలనుకునేవారికి 16 జీబీ నిశ్చింతగా ఉంటుంది.

అంకె కంటే ముఖ్యమైనది అమరిక. తేలికైన యంత్రాల్లో చాలావాటికి ర్యామ్‌ను నేరుగా బోర్డుకే అతికిస్తారు. ఎల్‌పీడీడీఆర్ అనే మాటతో మొదలయ్యే మెమరీ దాదాపు ఎప్పుడూ ఈ కోవదే. అటువంటి దాన్ని 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే. డీడీఆర్4 లేదా డీడీఆర్5 అని రాసి, ఒక స్లాటు ఖాళీగా ఉందని చెప్పే యంత్రమైతే నేడు 8 జీబీతో కొని తర్వాత ఇంకో 8 జీబీ పెట్టుకోవచ్చు. అలా ర్యామ్ రెండు విడి ముక్కలుగా ఉన్నప్పుడు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా మెరుగ్గా పనిచేస్తాయి. దుకాణదారు “పెంచుకోవచ్చు” అంటే ఆ మాటను నమూనా యంత్రంలోనే రుజువు చేసుకోండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ విభాగం కింద మెమరీని నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో చూపిస్తుంది. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, తర్వాత కొనుక్కుందాం అనుకునేవారు విడి ర్యామ్ ధరను ఇప్పుడే విచారించుకుని, రెండు నమూనాల మధ్య ధర తేడాతో పోల్చుకోవడం మంచిది.

అయిదో అడుగు: ప్రాసెసర్ పేరును విడదీసి చదవండి

కొనేవారు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఎవరూ అబద్ధం చెప్పకుండానే మోసపోతారు. “ఐ3”, “రైజెన్ 5” అనే పెద్ద అక్షరాల వెనకాల ఉన్న అంకెలను చదవకపోతే, ఒకే పేరు కింద రెండు వేర్వేరు స్థాయిల చిప్పులు ఉన్నాయని తెలియదు.

ముందుగా ఇంటెల్. ఐ3-1215యూ, ఐ3-1315యూ చిప్పుల్లో రెండు శక్తిమంతమైన కోర్లు (చిప్పులో లెక్కలు చేసే భాగాలు), తక్కువ విద్యుత్తుతో నడిచే నాలుగు పొదుపు కోర్లు ఉంటాయి. రోజువారీ పనికి ఇవి నిక్కచ్చిగా సరిపోతాయి. కోర్ 3 100యూ కూడా ఇదే కోవకు చెందుతుంది. ఐ3-ఎన్305లో ఉన్నవి ఎనిమిదీ పొదుపు కోర్లే. తేలికపాటి పనికి అది పరవాలేదు గానీ, ధర 1215యూ ఉన్న యంత్రం కంటే స్పష్టంగా తక్కువగా ఉంటేనే తీసుకోవాలి. కొత్త పేర్లలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కోర్ 3 అని ఉండి తర్వాత ఎన్ అక్షరం వస్తే, ఉదాహరణకు ఎన్355, అది పొదుపు కోర్ల కుటుంబమే. ఎన్100, ఎన్200 చిప్పుల్లో అవే కోర్లు నాలుగు ఉంటాయి. చదువుకోవడానికి, టైపు చేయడానికి వీటితో సరిపెట్టుకోవచ్చు. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 వంటి రెండు కోర్ల చిప్పులున్న యంత్రాలను మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దని గట్టిగా చెబుతాను. కొన్న మొదటి నెల నుంచే అవి ఆగి ఆగి నడుస్తాయి.

ఏఎమ్‌డీ 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పుల్లో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది. 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే పాత నిర్మాణం, నాలుగు కోర్లు. 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా రైజెన్ 5 అనే ఉంటుంది. అంకెల్లో తేడా పది, పనిలో తేడా చాలా ఎక్కువ. పైగా 7320యూ, 7520యూ ఉన్న యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి, వాటిని 8 జీబీతో కొనేముందు నాలుగో అడుగును మళ్లీ చదవండి.

యంత్రం మీద “ఏఐ” అనే అంటింపు కాగితానికి అదనంగా చెల్లించవలసిన అవసరం రోజువారీ వాడకంలో లేదు. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ అని పిలిచే యంత్రాలకు కనీసం 16 జీబీ ర్యామ్, సెకనుకు 40 లక్షల కోట్ల గణనలు చేసే ప్రత్యేక విభాగం ఉండాలి. ఈ ధరల్లో ఆ అంటింపు ఉన్నవాటిలో చాలావాటికి ఆ అర్హత ఉండదు. చాట్‌జీపీటీ, జెమిని వంటివి ఇంటర్నెట్ ద్వారా పనిచేస్తాయి కాబట్టి వాటికి మామూలు యంత్రమే చాలు.

ఫ్యాన్ గురించి ఒక్క మాట. ఫ్యాన్ లేని యంత్రం నిశ్శబ్దంగా, తేలికగా ఉంటుంది. అయితే రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, చిప్పు వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేసవిలో ఎక్కువ పని ఉండేవారు ఫ్యాన్ ఉన్నదాన్నే తీసుకోవడం మంచిది.

ఆరో అడుగు: స్టోరేజ్

ఇది మార్చుకోగలిగేది కాబట్టి తక్కువతో సరిపెట్టుకోవచ్చు. ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లను వేగంగా భద్రపరిచే రకం) 256 జీబీ చాలు, 512 ఉంటే సుఖం. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే. దూరంగా ఉండవలసినది ఇఎమ్ఎమ్‌సీ అనే రకానికి. అది బోర్డుకు అతికి ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. 64 జీబీ ఇఎమ్ఎమ్‌సీతో వచ్చే చవక యంత్రాల్లో విండోస్ నవీకరణకే చోటు చాలదు.

ఏడో అడుగు: చేతులతో చూడవలసినవి

కీబోర్డు మీద ఒక పేజీ టైపు చేయండి. మధ్యలో నొక్కినప్పుడు కీబోర్డు మొత్తం లోపలికి కుంగితే కట్టుబడి బలహీనమని అర్థం. తెలుగు టైపు చేసేవారికి మీటల మీద ప్రత్యేకంగా తెలుగు అక్షరాలు ముద్రించి ఉండనక్కరలేదు. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటున్నవారు మొదటి నెలల్లో స్టిక్కర్లు అంటించుకోవచ్చు. రాత్రిపూట చదివే విద్యార్థికి కీబోర్డు కింద వెలుగు నిజమైన సౌకర్యం. చవక యంత్రాల్లో దాన్ని తరచుగా తొలగిస్తారు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

మూతను ఒక చేత్తో తెరవండి, మూయండి, ఒక మూల పట్టుకుని తెరవండి. ప్లాస్టిక్ దేహం ఉన్న యంత్రాల్లో ఎక్కువగా విరిగేది కీలు దగ్గరే. లోహపు కీలును పట్టుకుని ఉండే మరలు ప్లాస్టిక్ గూళ్లలో బిగించి ఉంటాయి, కీలు మరీ బిగుతుగా ఉంటే రెండేళ్లలో ఆ గూళ్లు పగులుతాయి. తెరను ఎప్పుడూ మధ్యలో పట్టుకుని తెరవడం ఇంట్లో అందరికీ అలవాటు చేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. లోహపు దేహం ఉన్నవి గట్టివి, కానీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ముంజేతికి జిల్లుమంటుంది. అది యంత్రం లోపం కాకపోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరుతో పెట్టడం మాని, ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ చూపించండి.

కనీసం రెండు మామూలు యూఎస్‌బీ రంధ్రాలు, ఒక హెచ్‌డీఎమ్ఐ, హెడ్‌ఫోన్ రంధ్రం ఉండాలి. వైఫై 6 ఉంటే మంచిది, 5 అయినా నడుస్తుంది. కెమెరాను పరీక్షించడానికి దుకాణంలోనే దాని యాప్ తెరిచి ముఖం చూసుకోండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు ఇచ్చేవారికి 720పీ కంటే తక్కువ కెమెరా ఇబ్బందే.

ఎనిమిదో అడుగు: బ్యాటరీని గంటల్లో కాకుండా వాట్-అవర్లలో అడగండి

పెట్టె మీద ఉండే “పది గంటలు”, “పన్నెండు గంటలు” అనే అంకెలు సాధారణంగా తక్కువ వెలుగులో వీడియో నడిపించి కొలిచినవి. నమ్మదగినది వాట్-అవర్ల సంఖ్య, అంటే బ్యాటరీలో ఎంత విద్యుత్తు పడుతుందో చెప్పే కొలత. బ్రౌజర్, వర్డ్ వంటి తేలికపాటి పనికి యంత్రం సగటున ఆరు నుంచి ఎనిమిది వాట్లు తీసుకుంటుందని అనుకుంటే, 42 వాట్-అవర్ల బ్యాటరీ అయిదు నుంచి ఏడు గంటలు వస్తుంది. వీడియో కాల్‌లో ఇంకా తగ్గుతుంది. బ్యాటరీ నాలుగైదు వందల సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి దాని సామర్థ్యం ఎనభై శాతం చుట్టుపక్కలకు పడిపోవడం మామూలే కాబట్టి, కొన్ననాడు నాలుగు గంటలే వచ్చే యంత్రం మూడో ఏట కాలేజీలో ఒక పూట కూడా నిలబడదు. 40 వాట్-అవర్ల కంటే తక్కువ ఉన్నదాన్ని రోజంతా బయట వాడేవారు తీసుకోకూడదు, 50 ఉంటే ఎంతో మేలు. ఎక్కువసేపు ప్లగ్గులోనే ఉంచి వాడేవారు లెనోవో వాంటేజ్, మైఆసుస్ వంటి కంపెనీ యాప్‌లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగును మొదటి రోజే ఆన్ చేసుకుంటే బ్యాటరీ ఆయుష్షు పెరుగుతుంది.

తొమ్మిదో అడుగు: కొత్తదా, వాడి బాగుచేసినదా

బడ్జెట్ ఇరవై, ఇరవై అయిదు వేలకు మించనివారికి నా ఉద్దేశంలో మంచి దారి రీఫర్బిష్డ్ వ్యాపార తరగతి యంత్రమే. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480ఎస్, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 వంటివి 14 అంగుళాలవి, కిలోన్నర లోపు బరువున్నవి. వీటి కీబోర్డు, కీళ్లు, దేహం అదే ధరకు వచ్చే కొత్త సెలెరాన్ యంత్రం కంటే ఎంతో నాణ్యమైనవి. యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ కూడా వీటిలో ఉంటుంది.

అయితే ఒక గీత దాటకూడదు. ఇంటెల్ 8వ తరం కంటే పాతది కొనవద్దు. దీనికి రెండు కారణాలున్నాయి. తేలికైన యంత్రాల్లోని ఐ5 చిప్పుల్లో 7వ తరం వరకు రెండే కోర్లు ఉండేవి, 2017లో వచ్చిన 8వ తరంతో అవి నాలుగయ్యాయి. రెండోది, విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించేది 8వ తరం నుంచే. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందువల్ల ఎనిమిది, పది వేలకు దొరికే 6వ, 7వ తరం యంత్రాలు బ్యాంకు పనులు చేసే ఇంటికి తగినవి కావు. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్మేవారు ఉంటారు కాబట్టి, సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పేరును మీ కళ్లతో చదవండి. ఐ5-8250యూ, ఐ5-8350యూ వంటి పేరులో గీత తర్వాతి 8 తరాన్ని చెబుతుంది.

ఇటువంటి యంత్రం తీసుకునేటప్పుడు నాలుగు పరీక్షలు అక్కడే చేయాలి. ఆన్ చేస్తూనే బయాస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే యంత్రపు మూల సెట్టింగులు) వెళ్లి చూడండి. పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేవారు దాన్ని తొలగించి ఇచ్చేదాకా డబ్బు ఇవ్వవద్దు. విండోస్‌ను మొదటి నుంచి సెటప్ చేయించి ఇంటర్నెట్‌కు కలపండి. ఏదైనా సంస్థ పేరుతో లాగిన్ అడిగితే ఆ యంత్రం ఇంకా ఆ సంస్థ నియంత్రణలోనే ఉన్నట్టు లెక్క, వదిలేయండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులో బ్యాటరీ అసలు సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కన ఉంటాయి. ఇప్పటిది అసలుదానిలో డెబ్బై శాతం కంటే తక్కువైతే కొత్త బ్యాటరీ ధరను బేరంలో తగ్గించండి. చివరిగా తెర రకం. ఇదే నమూనా పేరుతో కొన్ని యంత్రాలు నాసిరకం ప్యానెళ్లతో కూడా వచ్చాయి కాబట్టి మూడో అడుగులోని తెలుగు పరీక్షను ఇక్కడా చేయాలి. కనీసం ఆరు నెలల రాతపూర్వక హామీ ఇచ్చే చోటనే కొనండి.

పదో అడుగు: ఎక్కడ, ఎలా కొనాలి

చూడటం ఒకచోట, కొనడం ఇంకోచోట అయినా తప్పులేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే ప్రాంగణంలో అనేక దుకాణాలు ఉండటం వల్ల ఒక్క పూటలో పలు నమూనాలను చేత్తో పట్టుకుని చూడవచ్చు, కొత్తవాటితో పాటు వాడినవీ దొరుకుతాయి. జిల్లా కేంద్రాల్లోని కంపెనీ షోరూములు చూడటానికి బాగుంటాయి. ఆన్‌లైన్‌లో జూన్, జూలైలలో కాలేజీలు తెరిచేటప్పుడు, ఆగస్టు 15 సమయంలో, దసరా, దీపావళి మధ్య తగ్గింపులు ఎక్కువ. ధర పోల్చేటప్పుడు నమూనా పేరుతో సరిపెట్టుకోకుండా, కంపెనీ ఇచ్చే పొడవాటి పార్ట్ నంబరుతో పోల్చాలి. ఒకే పేరు మీద తెర, ర్యామ్, కీబోర్డు వెలుగు వేర్వేరుగా ఉండే యంత్రాలు పక్కపక్కనే అమ్ముడవుతుంటాయి.

వడ్డీలేని వాయిదాలు అని చెప్పే పథకంలో వడ్డీ అంత మొత్తాన్ని ముందుగా తగ్గింపుగా చూపిస్తారు. కానీ బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీని, తరచుగా ప్రాసెసింగ్ రుసుమును వసూలు చేస్తుంది. మొత్తం ఎంత కడుతున్నామో కూడి చూసుకున్నాకే ఒప్పుకోవాలి.

హామీ విషయంలో అడగవలసిన ప్రశ్న “ఎన్నేళ్లు” అనేదానితో ఆగకూడదు. మనిషి ఇంటికి వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ హామీయా, మనమే సర్వీస్ సెంటరుకు మోసుకెళ్లవలసిన రకమా అన్నది తేల్చుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఉన్నవారికి రెండో రకం పెద్ద కష్టం కాదు. పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్నవారికి మాత్రం ఆన్‌సైట్ హామీ ఎంతో విలువైనది, మీ పిన్‌కోడుకు ఆ సేవ వర్తిస్తుందో లేదో కంపెనీ వెబ్‌సైటులో చూశాకే కొనండి. ధర ఒకటే అయినప్పుడు దగ్గరలో సర్వీస్ సెంటరు ఉన్న కంపెనీ వైపే మొగ్గాలి.

పదకొండో అడుగు: ఇంటికి తెచ్చిన మొదటి వారం

ఆన్‌లైన్‌లో తెప్పించినదైతే పెట్టె విప్పడాన్ని చిరునామా కాగితం కనిపించేలా మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం అడుగునున్న నంబరు, బిల్లు మీది నంబరు మూడూ ఒకటేనా అని చూడాలి. యంత్రం మీద లేదా ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. తర్వాత కంపెనీ వెబ్‌సైటులో సీరియల్ నంబరు కొట్టి హామీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉందో చూడండి. యంత్రం గోదాములో నెలల తరబడి ఉండిపోతే హామీ మనం కొనకముందే మొదలైనట్టు చూపించవచ్చు. బిల్లు పంపి ఆ తేదీని సరిచేయమని కోరే హక్కు మనకు ఉంది.

తిరిగి ఇచ్చే గడువు సాధారణంగా వారం లోపే ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో యంత్రాన్ని విశ్రాంతి లేకుండా వాడాలి. పూర్తిగా తెల్లని, పూర్తిగా నల్లని బొమ్మలు తెర నిండా పెట్టి చచ్చిన పిక్సెళ్లు, అంచుల్లో వెలుగు కారడం ఉన్నాయేమో చూడండి. ప్రతి మీటనూ, ప్రతి రంధ్రాన్నీ, కెమెరా, మైకు, స్పీకర్లను పరీక్షించండి. బ్యాటరీ నివేదికను కొత్త యంత్రానికి కూడా తీసి ఒక ప్రతి దాచుకుంటే, ఏడాది తర్వాత హామీ ముగిసేముందు పోల్చి చూసుకోవడానికి పనికివస్తుంది. విండోస్ ఎస్ మోడ్‌లో వచ్చి, మైక్రోసాఫ్ట్ స్టోర్ బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే, స్టోర్ ద్వారా ఉచితంగా ఆ మోడ్ నుంచి బయటికి రావచ్చు. ఒకసారి వచ్చాక తిరిగి వెళ్లడం మాత్రం కుదరదు. వర్డ్, ఎక్సెల్ శాశ్వత లైసెన్సు యంత్రంతో పాటు వచ్చి ఉంటే దాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే యాక్టివేట్ చేయండి. రాకపోతే లిబ్రేఆఫీస్ ఉచితం, తెలుగులో కూడా పనిచేస్తుంది.

ఒక పనిని మాత్రం మొదటి రోజే చేయాలి. కొత్త విండోస్ 11 యంత్రాల్లో డిస్కు తనంతట తానే గుప్తీకరణ అవుతుంది. దాని రికవరీ కీ మనం లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమవుతుంది. దుకాణంలోని కుర్రాడు తన ఖాతాతోనో, అప్పటికప్పుడు సృష్టించి మరచిపోయే ఖాతాతోనో సెటప్ చేసి ఇస్తే, రేపు మరమ్మతు తర్వాత ఆ 48 అంకెల కీ అడిగినప్పుడు పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు అన్నీ దక్కకుండా పోతాయి. సెటప్ మీ సొంత ఖాతాతోనే చేసుకుని, ఆ కీని కాగితం మీద రాసి బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి. లోపం ఉన్న యంత్రాన్ని అమ్మినవారు వెనక్కి తీసుకోకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అప్పుడు వారు అడిగేవి ఆ బిల్లు, సీరియల్ నంబరు, అమ్మినవారితో జరిపిన సందేశాలే కాబట్టి ఆ మూడింటినీ ఒకేచోట ఉంచుకోవాలి.